మూడు రకాల వణుకు

మొన్న మాల్‌లో కూరగాయల దగ్గర నిలబడి ఒక్కదాన్నే గట్టిగా నవ్వేశాను. పక్కనున్న ఆవిడ తన ట్రాలీని కాస్త దూరం లాక్కుంది. ఆవిడ తప్పేం లేదు. తల నెరిసిన ఆడమనిషి గుమ్మడికాయను చూసి నవ్వుతుంటే ఎవరైనా అదే చేస్తారు. నారింజ రంగు గుమ్మడికాయ అది. కళ్ళు, ముక్కు, పళ్ళు చెక్కి లోపల దీపం పెట్టారు. పైన అట్టముక్క మీద 'హ్యాపీ హాలోవీన్' అని రాసుంది. దాన్ని చూడగానే నా చేతులు రెండూ వాటంతటవే ముందుకు వెళ్ళాయి, ఎత్తి నేలకేసి కొట్టడానికి. ఎలాగో ఆపుకున్నాను. ఆపుకోలేకపోయిన ఒక పెద్దమనిషి గుర్తొచ్చి నవ్వాను. ఆయన పోయి చాలాకాలమైంది.

ఆయన్ని నేను మాస్టారు అనేదాన్ని. డర్బన్ పక్కనున్న ఈ వెరులంలో మిగతా అందరికీ ఆయన 'సర్'. ఈ దేశంలో నల్లా తెల్లా అందరూ కలిసి మొదటిసారి ఓటేసిన రెండేళ్ళకి, మా ఆయనకి చక్కెర మిల్లులో ఉద్యోగమొచ్చి కాకినాడ నుంచి వచ్చి, ఆయన ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకు దిగాం. గేటు తీసిన మనిషిని చూసి నోటికొచ్చినట్టు "నమస్కారం మాస్టారూ" అన్నాను. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయన వాలకమే అది. సన్నగా పొడుగ్గా ఉండి, మెడకు టై, చొక్కా జేబులో చాక్‌పీసు ముక్క. ఆయన గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తర్వాత లోపలికి తిరిగి భార్యను కేకేశారు. "ఇన్నావా? నన్ను మాస్టారు అంటది. మా నాయనమ్మ చెప్పిన మాట. ఎవరూ అనలేదు ఇంతవరకు."

రిటైరై ఏళ్ళయినా ఆయన టై విప్పలేదు. మిరప మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు దాని కొస మాత్రం చొక్కా గుండీల మధ్య దోపుకునేవారు. జేబులో చాక్‌పీసు అరిగిపోతే మర్నాటికి కొత్తది వచ్చి చేరేది. ఎక్కడ దొరికేదో తెలియదు, నేను అడగనూ లేదు.

ఇంగ్లీషులో తప్పు వినబడితే ఆయన ఊరుకోలేరు. దుకాణం బోర్డు మీద తప్పుంటే లోపలికి వెళ్ళి చెప్పి, సరుకేం కొనకుండా బయటకు వచ్చేవారు. గుళ్ళో అయ్యగారు మైకులో ప్రసాదం వరస గురించి ఇంగ్లీషులో ప్రకటిస్తుంటే కింద కూచుని సరైన మాట అందించేవారు, అదీ మైకుకి వినబడేట్టు. ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడ మొదటి ఓటు కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

"పొద్దున్నుంచి లైన్లో నిలబడినాం పాపా. కాళ్ళు వాచిపోయినాయి. లోపల ఆ ఆఫీసు పిల్లోడు ఏదో చదివితే ఈ మనిషి ఆపినాడు. బాబూ, నీ ఇంగ్లీషు తప్పు అన్నాడు. లైనంతా ఆగిపోయింది. దేశమంతా ఫ్రీడమ్ వచ్చింది, మా లైనుకి మాత్రం లేటు వచ్చింది."

మాస్టారు పాఠం ఇంగ్లీషులో చెప్పి, తిట్టడం తెలుగులో తిట్టేవారు. చెరకు తోటల కూలీలుండే బారకాసుల్లో నాయనమ్మ పెంచిన మనిషి. ఆవిడ నుంచి ఆయనకు సంక్రమించిన తెలుగంతా వరసలు, కూరల పేర్లు, దండాలు, తిట్లు. వాక్యం చివర క్రియ ఎలా తిరగాలో ఆయనకు పట్టింపు లేదు. నువ్వు, నేను, ఆయన, అందరూ ఒకేలా 'వస్తది', 'పోతది'. నేను తెలుగులో ఎమ్మే చదివానని తెలిసిన వారంలోనే ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆయన నాకు ఇంగ్లీషు నేర్పుతారు, నేను ఆయనకు తిట్లు నేర్పాలి.

"నా దగ్గర ఉన్నవి పాతవి పాపా. ఎదవ, సన్నాసి, దున్నపోతు. అరిగిపోయినాయి. కొత్తవి ఉంటే చెప్పు."

విశ్వవిద్యాలయంలో ప్రబంధాలు చదివిన దాన్ని, వాటిలో ఒక్క పద్యం కూడా ఎవరూ అడగలేదు ఇంతవరకు. తిట్లు అడిగిన మొదటి మనిషి ఈయనే. కాదనలేక 'అప్రాచ్యుడు' ఇచ్చాను. తర్వాతి వారం 'త్రాష్టుడు' ఇచ్చాను. రెండూ ఆయనకు బాగా నచ్చాయి. వెరులం టాక్సీ స్టాండులో ఒక జులూ డ్రైవరు మినీబస్సును ఆయన కాలి పక్క నుంచి రాసుకుంటూ పోనిస్తే "త్రాష్టుడా" అని కేకేశారు. అతను ఏమనుకున్నాడో, "యెబో, బాబా" అని గౌరవంగా చేయి ఊపి వెళ్ళాడు. యెబో అంటే అవునని. మాస్టారు ఇంటికి వచ్చి, మాట బాగా పనిచేసిందని నాకు చెప్పారు.

శనివారం మధ్యాహ్నాలు గరాజులో క్లాసు. కారును వీధిలోకి తోసి, బెంచీలు వేసేవారు. మిల్లువాళ్ళ భార్యలం కొందరం, కొత్త బళ్ళలో చేరిన మా వీధి పిల్లలు కొందరు. ఆయన సిద్ధాంతం ఒకటే. చెవిలో పడిన మాట రెండో చెవిలోంచి పోతుంది, ఒంట్లో పడిన మాట పోదు. అందుకని ప్రతి మాటా చేసి చూపించాలి. చూపించాక రెండు వేళ్ళతో తన గుండె మీద తట్టుకుని అడిగేవారు. "ఒంట్లోకి ఎల్లిందా?" వెళ్ళిందనాలి. వెళ్ళలేదంటే మళ్ళీ చేయాలి. 'స్టాగర్' అంటే తాగినట్టు తూలాం. 'గ్రోవెల్' అంటే గరాజు నేల మీద పాకాం. నేను చెంగు దోపుకుని పాకుతుండగా మా ఆయన మిల్లు నుంచి తొందరగా వచ్చి చూశారు. నేరుగా ఇంట్లోకి వెళ్ళి తనే టీ పెట్టుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన టీ పెట్టుకోవడం అదే మొదలు. ఇంగ్లీషు వల్ల నాకు కలిగిన మొదటి లాభం కూడా అదే.

మాస్టారిలో ఇంకో విద్య ఉంది. దాన్ని ఆయన విద్య అనేవారు కాదు. మా వీధి మొత్తానికి గుమ్మడికాయ పగలగొట్టేది ఆయనే. అవి జనం ఇళ్ళు మారుతున్న రోజులు. ఒంటి రంగును బట్టి ఎవరు ఎక్కడ ఉండాలో చెప్పే పాత చట్టం పోయి, నిన్నటిదాకా అడుగు పెట్టనివ్వని వీధుల్లో మనవాళ్ళు ఇళ్ళు కొంటున్నారు. ప్రతి కొత్త గేటు దగ్గరా ఒక గుమ్మడికాయ పగలాలి. కాయకు పైన గాటు పెట్టి, కుంకుమ వేసి, కర్పూరం వెలిగించి, ఇంటికో మనిషికో మూడుసార్లు తిప్పి, అది ఆరేలోపు ఒక్క దెబ్బకు పగలగొట్టాలి. రెండో దెబ్బ పడితే దిష్టి పోదని జనం పట్టింపు. మాస్టారి చేతిలో రెండో దెబ్బ ఎప్పుడూ పడలేదు. మా ఆయన పాత కారు కొన్నప్పుడు దానికీ ఆయనే కొట్టారు. కొట్టేముందు టై భుజం మీదకి వేసుకుని, మా ఇద్దరికీ 'సూపర్‌స్టిషన్' అనే మాట నేర్పారు. ఇవన్నీ ఉత్త నమ్మకాలని, చదువుకున్నవాళ్ళు నమ్మకూడదని ఇంగ్లీషులో వివరంగా చెప్పారు. అప్పుడు కొట్టారు. ముక్కలు వీధి అవతలకి ఎగిరాయి. "నేను నమ్మేది లేదు. వాళ్ళు అడగతారు, నేను కొడతది" అన్నారు చేతులు కడుక్కుంటూ.

నమ్మని మనిషి మంచం కాళ్ళ కింద ఇటుకలు ఎందుకున్నాయో నాకు చాలాకాలం తెలియలేదు. ఇక్కడి జులూవాళ్ళు టోకొలోషి అనే పొట్టి దెయ్యం గురించి చెబుతారు. నిద్రపోయేవాళ్ళ మీదికి ఎక్కుతుందని, అందకుండా మంచాన్ని ఇటుకల మీద ఎత్తిపెట్టుకుంటారు. ఒకసారి పెద్దమ్మకు సాయంగా దుప్పట్లు మారుస్తూ ఆ ఇటుకలు చూసి అడిగితే మాస్టారు ముందుగదిలోంచే సమాధానం చెప్పారు. "సూట్‌కేసులు పెట్టేదానికి." మంచం కింద సూట్‌కేసు ఒక్కటీ లేదు. పెద్దమ్మ నా వైపు చూసి దుప్పటి దులిపింది.

ఇక మాస్టారి మనవరాలి సంగతి. మూడో క్లాసు చదువుతోంది. తల్లీ తండ్రీ పొద్దున్నే డర్బన్ ఉద్యోగాలకు వెళ్ళిపోతే పిల్ల అంతా అవ్వా తాతల చేతుల్లోనే. ఇంట్లో వసపిట్ట. తెల్లవాళ్ళ బళ్ళు అందరికీ తెరిచాక, సముద్రం వైపున్న పెద్ద బడికి మాస్టారు స్వయంగా తీసుకెళ్ళి చేర్పించారు. ఉద్యోగం చేసినంతకాలం ఆ గేటు ముందు నుంచే బస్సులో వెళ్ళి వేరే బళ్ళో పాఠం చెప్పిన మనిషి ఆయన. అందులోకి తన పిల్ల చేయి పట్టుకుని వెళ్ళిన రోజున కొత్త టై కట్టుకున్నారు.

చేరిన వారంలో పిల్ల క్లాసులో ఏదో అంది. పిల్లలు నవ్వారు. మాట తప్పు కాదు, యాస వెరులంది. ఆ రోజు నుంచి పిల్ల ఆ బళ్ళో నోరు విప్పలేదు. అడిగితే తల ఊపుతుంది, లేకపోతే నేల చూస్తుంది. సెప్టెంబరు దాటాక క్లాసు టీచరు ఫోన్ చేసింది. ఏడాది చివరికి వచ్చింది, ఇలాగే ఉంటే పిల్లను పాత బడికి పంపడమే పిల్లకు మంచిదేమో అంది. అక్టోబరు చివర బళ్ళో హాలోవీన్ వేడుక ఉంది, ఆ రోజు మూడో క్లాసు పిల్లలు ఒక్కొక్కరూ స్టేజీ ఎక్కి భయపెట్టే విషయం ఏదైనా చెప్పాలి, అప్పుడు చూద్దాం అంది. మంచి మనిషి, మర్యాదగానే చెప్పింది. కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వలేదు. మాస్టారు ఫోన్ పెట్టి టై ముడి బిగించుకున్నారు.

"నోట్లో మాట లేక కాదు" అన్నారు నాతో. "సరైన మాట లేక. సరైన మాట ఉంటే ఎవరూ నవ్వరు."

అప్పటికి మా వైపు హాలోవీన్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మాస్టారికీ తెలియదు. కానీ ఆయన దగ్గర డిక్షనరీ ఉంది. ఆ నెల శనివారాలన్నీ మా గరాజులో దెయ్యాలే.

'విచ్' అంటే మంత్రగత్తె, 'బ్రూమ్‌స్టిక్' మీద ఎగురుతుంది. మన ఈనెల చీపురుకి కర్ర ఉండదు, దాని మీద ఎక్కడం కుదరదు. నేల తుడిచే మాప్ తెచ్చి, టై సర్దుకుని, దాని మీద కాలు అటొకటి ఇటొకటి వేసి గరాజు చుట్టూ తిరిగారు. మొహంలో నవ్వు అన్నది లేదు. మేం కూడా నవ్వకూడదు, నవ్వితే మళ్ళీ తిరుగుతారు. 'కాల్డ్రన్' కోసం పెళ్ళిళ్ళకు వీధంతా వాడుకునే ఇత్తడి గుండిగ దొర్లించుకొచ్చారు. పెద్దమ్మ వెనకే వచ్చింది.

"అది పప్పుచారు కాచే గుండిగ. మాప్ అందులో పెట్టినావా నువ్వు?"

"విచ్ అందులో కషాయం కాస్తది. క్లాస్ జరగతాంది, పో."

"విచ్‌కి చెప్పు, కాచినాక తోమి పెట్టమని."

'స్కెలిటన్' కోసం ఎవరూ కదలక్కర్లేకపోయింది, ఆయన చొక్కా చేతులు పైకి మడిచి నిలబడ్డారు. 'ట్రిక్ ఆర్ ట్రీట్' దగ్గర మాత్రం ఆయన తడబడ్డారు. పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి, మిఠాయి పెట్టకపోతే అల్లరి చేస్తామంటారని డిక్షనరీలో ఉంది. మర్యాదస్థుల పిల్లలు అలా బెదిరిస్తారా అని ఆయన సందేహం. నేను వినాయక చవితి చందాల కుర్రాళ్ళ గురించి చెప్పాను. ఆయనకు వెంటనే ఒంట్లోకి వెళ్ళింది.

అసలు కష్టం వణుకుతో వచ్చింది. హాలోవీన్ అంటే ఆకులు రాలే చలికాలపు పండగట. ఇక్కడ అక్టోబరంటే ఎండలు మొదలు, మా మామిడి చెట్టేమో పిందెలతో ఉంది, గరాజు రేకుల కింద ఉక్కకు జాకెట్లు వీపుకి అంటుకుపోతున్నాయి. అందులో కూచుని వణకమన్నారు. అదీ మూడు రకాలుగా. షివర్, షడర్, ట్రెంబుల్.

"మూడూ ఒకటే కదా మాస్టారూ" అన్నాను చెమట తుడుచుకుంటూ.

"ఒకటే అయితే మూడు మాటలు ఎందుకు పెట్టతారు పాపా? వాళ్ళకి పని లేదా?"

షివర్ చలికి, పళ్ళు టకటకలాడాలి. షడర్ ఒక్కసారే, నెత్తి నుంచి కాళ్ళదాకా జల్లుమనాలి, బల్లి మీద పడ్డట్టు. ఈ రెండూ ఎలాగో చేశాం. మూడోది ట్రెంబుల్. లోపలున్నది బయటకు రాకుండా గట్టిగా పట్టుకుంటే, పట్టు తప్పేచోట వచ్చే వణుకట. ఒక్కొక్కరినీ నిలబెట్టి చేయించి, అందరినీ ఫెయిల్ చేశారు. మీరు చేసి చూపించండి తాతా అంది మనవరాలు. ఆయన చేయి చాచి ఆడించారు. విసనకర్ర ఊపినట్టుంది. తన చేతినే కాసేపు చూసుకుని, నచ్చక, జేబులో పెట్టుకున్నారు. వచ్చే శనివారం చూపిస్తానన్నారు. వచ్చే శనివారం 'స్క్రీమ్', 'ష్రీక్', 'హౌల్' వచ్చాయి. ఎదురింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగారు. వణుకు సంగతి ఎవరికీ గుర్తులేదు.

మనవరాలి కోసం ఒక ఉపన్యాసం తయారుచేశారు. పేరు 'ది అప్పారిషన్'. దెయ్యమనే అర్థమట, కానీ గౌరవనీయమైన దెయ్యం. పాడుబడ్డ కోట, అర్ధరాత్రి గంట, గోడమీద నీడ. అందులో నాకు తెలిసిన మాటలు 'ది', 'అండ్'. పిల్ల దాన్ని మామిడి చెట్టుకు ఎదురుగా నిలబడి గడగడా అప్పజెప్పేది. చెట్టు దగ్గరికి ఇంకెవరైనా వస్తే ఆగిపోయేది.  ఆ రోజుల్లో మాస్టారు అన్నం ముందు కూచుని లేచిపోయేవారని పెద్దమ్మ చెప్పింది. పిల్ల చెట్టు దగ్గరుంటే నేను గుమ్మం దాటి బయటకు వచ్చేదాన్ని కాదు. దుకాణంలో ఉప్పు అడగడానికి మాటలు కూడగట్టుకున్న రోజులు నాకు మరీ దూరంగా లేవు.

వేడుక జరిగే శుక్రవారం సాయంత్రం మాస్టారి పాత కారులో నలుగురం బయల్దేరాం. తల్లీ తండ్రీ ఉద్యోగాల నుంచి రాలేదు. పిల్లది మంత్రగత్తె వేషం, గౌను నేను కుట్టాను, మొనదేలిన టోపీ మా ఆయన పాత గొడుగు గుడ్డతో చేశాను. దారంతా మాస్టారు మాటలు అడుగుతూనే ఉన్నారు. పిల్ల కిటికీలోంచి చూస్తూ పొడి పొడిగా చెబుతూనే ఉంది. బడి ఆవరణ నిండా ఊదా రంగు జకరండా పూలు రాలి ఉన్నాయి. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు.

హాలు మెట్లకు రెండు వైపులా తల్లిదండ్రులు వరసగా నిలబడి, వేషాలేసుకుని లోపలికి వెళ్ళే పిల్లలను చూసి చప్పట్లు కొడుతున్నారు. మెట్ల కింద, సరిగ్గా మధ్యలో, చిన్న బల్ల మీద గుమ్మడికాయ. ఇప్పుడు మాల్‌లో దొరికే నారింజ రంగువి అప్పుడు ఇక్కడ దొరికేవి కావు. ఇక్కడి పొలాల్లో కాసే తెల్లటి కాయ అది, బూడిద పూసినట్టుంది. పైన కోసి ఉంది, లోపల మంట వెలుగుతోంది. కళ్ళూ పళ్ళూ చెక్కింది అవతలి వైపు. మా వైపుకి దాని వీపు.

మా పిల్ల మొదటి మెట్టు దగ్గరికి వచ్చింది. చప్పట్లు ఒక్క క్షణం ఆగాయి. చెడ్డగా కాదు. నుదుట బొట్టుతో పెద్దమ్మ, చీరలో నేను, టైలో మాస్టారు, మధ్యలో గొడుగు టోపీ పెట్టుకున్న పిల్ల. అలాంటి గుంపు ఆ మెట్ల దగ్గరికి అంతకుముందు వచ్చి ఉండదు. అందరి కళ్ళూ ఒకేసారి పిల్ల మీద పడ్డాయి. పిల్ల కాలు గాల్లోనే ఆగిపోయింది.

మాస్టారు టైని భుజం మీదికి వేసుకోవడం నేను చూశాను. అర్థమయ్యేలోపే ఆయన వంగి గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి, పిల్ల తల చుట్టూ మూడుసార్లు తిప్పి, నేలకేసి కొట్టారు. ఒక్క దెబ్బే. ముక్కలు మెట్ల మీదికి ఎగిరాయి. గింజలు ఒక పెద్దమనిషి ప్యాంటుకు అంటుకున్నాయి. కొవ్వొత్తి దొర్లి ఆరిపోయింది.

అంతా అక్కడితో ఆగితే బాగుండును. పెద్దమ్మ పిల్ల బుగ్గలు నిమిరి కణతల మీద మెటికలు విరిచింది. నేను ముక్కలు దాటకుండా నాలుగడుగులు చుట్టూ తిరిగొచ్చాను. ఎవరూ చెప్పలేదు, కాళ్ళే వెళ్ళాయి. క్లాసు టీచరు కంగారుగా మెట్లు దిగివస్తుంటే పెద్దమ్మ చేయి అడ్డం పెట్టింది. "నో డార్లింగ్. దాటకూడదు." పాపం ఆవిడ ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోయింది.

అప్పుడు నాకు అవతలి వైపు ముక్క కనిపించింది. దాని మీద ఒక కన్ను, సగం నవ్వు ఉన్నాయి. నెత్తి నుంచి కాళ్ళదాకా జల్లుమంది. షడర్ అంటే ఏమిటో ఆ క్షణాన ఒంట్లోకి వెళ్ళింది.

అస్థిపంజరం వేషంలో ఉన్న ఒకబ్బాయి ఏడుపు అందుకున్నాడు. దాన్ని చెక్కింది వాడేనట. టీచరు కాలు దించడానికి చోటు వెతుక్కుంటూ, "ఎందుకు సర్, ఎందుకలా చేశారు?" అని మెల్లగా అడిగింది.

మాస్టారు నోరు తెరిచారు. మాట రాలేదు. నేను ఎదురుచూశాను. డిక్షనరీ మొత్తం ఒంట్లో వేసుకున్న మనిషి, ఎన్నికల లైను ఆపిన మనిషి, నేల మీద ముక్కల వంక చూస్తూ నోరు తెరిచి మూశారు, మళ్ళీ తెరిచారు. అంత నిస్సహాయంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నాకు తెలిసిన ఇంగ్లీషంతా కూడగట్టినా నాలుగు ముక్కలు దాటదు, అందులో ఒక్కటి కూడా గుమ్మడికాయకు పనికొచ్చేది కాదు.

"మా తాతకి పిచ్చి లేదు, మామ్."

మా పిల్ల. ఇంగ్లీషులోనే అంది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వెరులం వీధి ఇంగ్లీషు, పిల్లలు నవ్విన ఇంగ్లీషే.

"అందరూ ఒకేసారి చూస్తే కళ్ళు అంటుకుంటాయి. మీవి చెడ్డ కళ్ళని కాదు మామ్. మంచివైనా అంటుకుంటాయి. ఈ డ్రెస్‌లో నేను బాగున్నాను కదా, అందుకు. గుమ్మడికాయ ఆ కళ్ళన్నీ లాగేసుకుంటది. మంట ఆరకముందే కొట్టేయాలి. మా నాన్న కారుకి కొట్టినాడు, ఈ ఆంటీవాళ్ళ కారుకి కొట్టినాడు, మా వీధిలో అన్నిటికీ తాతే. మీరేమో కోసినారు, మంట పెట్టినారు, కొట్టకుండా వదిలేసినారు. ఎవరన్నా సగం చేసి వదిలేస్తారా?"

అస్థిపంజరం అబ్బాయి ఏడుపు ఆపి ముక్కల దగ్గరికి వంగాడు. "ఇప్పుడు ఇందులో కళ్ళున్నాయా?"

"నిండా. మామ్‌వి కూడా ఉన్నాయి."

వాడు గౌరవంగా వెనక్కి జరిగాడు. ఇంకో పిల్ల ముందుకొచ్చి, తన తల చుట్టూ కూడా తిప్పుతారా అని అడిగింది. ఇంకో కాయ ఉందా అని ఇంకెవరో అడిగారు. టీచరు అప్పటికి కాలు దించింది, పెద్దమ్మ చూపించిన చోటే.

స్టేజీ మీద మా పిల్ల వంతు వచ్చినప్పుడు మాస్టారు మొదటి వాక్యం పెదవులతో అందిస్తున్నారు. పాడుబడ్డ కోట, అర్ధరాత్రి గంట. పిల్ల ఆయన వైపు చూడలేదు. టోకొలోషి గురించి చెప్పింది. అది ఎంత పొట్టిగా ఉంటుందో చేత్తో చూపించింది. మంచం ఎందుకు ఎత్తుగా ఉండాలో చెప్పింది. ఎవరి మంచం కింద ఇటుకలున్నాయో అది కూడా చెప్పి, వేలు పెట్టి చూపించింది. హాలు మొత్తం తిరిగి మాస్టారిని చూసి నవ్వింది. పిల్ల కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. మాస్టారు టై సర్దుకున్నారు. "సూట్‌కేసులకి" అన్నారు పక్కాయనతో.

బయటకు వస్తుంటే టీచరు ఎదురొచ్చి మాస్టారి చేయి పట్టుకుని ఊపింది. పాత బడి మాట ఎత్తలేదు. వచ్చే ఏడాది ఆ కాయను ముందే ఆయనకు అప్పగిస్తామంది.

తిరిగి వచ్చేటప్పుడు పిల్ల వెనక సీట్లో నాకూ పెద్దమ్మకూ మధ్య కూచుని ఒకటే వాగుడు. ఎవరేమన్నారు, ఎవరు తన పక్కన కూచున్నారు, సోమవారం ఎవరితో ఆడుకోవాలి. అంతా ఇంగ్లీషు, నాకు కూడా తెలిసేటన్ని తప్పులు. నేను ముందు సీటు వైపు చూస్తూ, ఇప్పుడు దిద్దుతారు, ఇప్పుడు దిద్దుతారు అనుకుంటున్నాను. ఆయన రోడ్డు చూస్తూ నడుపుతున్నారు.

పెద్దమ్మే ఉండబట్టలేకపోయింది. "ఏం మనిషివి నువ్వు? నమ్మేది లేదంటావు. ఊరోళ్ళ గుమ్మడికాయ ఎందుకు కొట్టినావు?"

ఆయన ఎదురొచ్చే లారీని పోనిచ్చారు.

"అంత మంది కళ్ళు" అన్నారు చివరికి. "పిల్ల కాలు ఆగిపోయింది. నేను మాట వెతకతాన్నా. చేతికి ఇంగ్లీషు రాదు కదా. అది ఆగలేదు."

పిల్ల వెనక నుంచి ఇంకో తప్పు మాట్లాడింది, పెద్దది. మాస్టారు దిద్దలేదు. వెరులం మలుపు దగ్గర గేరు మార్చడానికి చేయి తీశారు, మార్చాక కూడా అక్కడే ఉంచారు. వీధిదీపం వెలుగులో ఆ చేయి కనిపించింది. వేళ్ళు సన్నగా కదులుతున్నాయి. చలి లేదు, భయం ఎప్పుడో పోయింది. గరాజులో చేయబోయి చేతకాక జేబులో దాచుకున్నది, ఆ మూడోది.